మూడో తెప్ప మీద గుయ్యిమన్న గిటారు

లాగ్ 1. సోమవారం. పడమటి గాలి. అలలు చిన్నవి.

సముద్రం మీద తేలే మా ఊరు తేలంకలో, మూడో తెప్ప కమిటీ ఆదేశం మేరకు ఈ లాగ్ మొదలుపెడుతున్నాను. ఆదేశం ఇచ్చింది కమిటీ కార్యదర్శి వరహాలరావు గారు. ఆయన మా పక్కింట్లోనే ఉంటారు. మా ఇళ్ళ మధ్య గోడ పాత ప్లాస్టిక్ కరిగించి పోసింది కాబట్టి నేను గిటారు ముట్టుకుంటే ఆయనకు తెలుస్తుంది. ఈ మధ్య ముట్టుకోకపోయినా తెలుస్తోంది. ఫిర్యాదు అదే.

"నువ్వు వాయించినప్పుడొచ్చే మోత నేను ఓర్చుకున్నానయ్యా రత్నాకర్," అన్నారాయన కమిటీ ముందు. "వాయించనప్పుడు కూడా గుయ్యిమంటా ఉంటే ఎలాగ చెప్పు? ఎప్పుడు మోగిందో, నువ్వేం చేశావో రాసి చూపించు. తగ్గకపోతే నీ డబ్బాలన్నీ స్టోరులో పెట్టించేస్తాం."

నేను ఉప్పు ప్లాంటులో పనిచేస్తాను. సముద్రపు నీళ్ళను కాచి మంచినీళ్ళు చేయడం నా ఉద్యోగం. గిటారు వాయించడం నా వ్యసనం. మా ఊళ్ళో ప్రతి ఇంటి గోడకూ మేళం అనే పాటల యంత్రం ఒకటి ఉంటుంది. ఫలానా పాట, ఫలానా గొంతులో అని అడిగితే చాలు, ఒక్క స్వరమైనా జారకుండా పాడేస్తుంది. అందువల్ల చేత్తో వాయించేవాళ్ళు తెప్పలన్నిటి మీదా ఎవరూ మిగల్లేదు, నేను తప్ప. ఆ లెక్కన తేలంకలో అత్యుత్తమ గిటారిస్టును నేనే. అత్యధముణ్ణీ నేనే. పోటీ లేకపోవడంలో ఉన్న ఇబ్బంది అది.

డబ్బాలంటే పెడళ్ళు. గిటారుకూ ఆంప్లిఫయరుకూ మధ్య వైర్లతో తగిలించి కాలితో నొక్కే చిన్న ఇనప డబ్బాలు. తుక్కు పడవలో దొరికాయి. మొదటిది డిస్టార్షన్, శబ్దాన్ని గరుకు చేస్తుంది. రెండోది డిలే, వాయించినదాన్ని మళ్ళీ మళ్ళీ పలికిస్తుంది. మూడోది ఏం చేస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎర్ర దీపం మాత్రం వెలుగుతుంది.

ఇవి స్టోరు పాలైతే ఈ ఆదివారం నా పరువు పోతుంది. ఆ రోజు హేచరీలో రొయ్య పిల్లలను సముద్రపు వలల్లోకి వదిలే పండగ. హేచరీ పెద్ద నా భార్య సుభాషిణి. ఆమెతో అక్కడే పనిచేసే స్నేహితురాలు నూకరత్నం పాడేటట్టు, నేను వాయించేటట్టు ఏర్పాటైంది. సుభాషిణి ఇందుకు ఒప్పుకుంది. ఇష్టపడిందని రాయడం లేదు. ఒప్పుకుంది.

ఈ రోజు తీసుకున్న చర్య: వైర్లన్నీ ఊడదీసి మళ్ళీ తగిలించాను. డబ్బాల మీద దుమ్ము ఊదాను. ఫలితం: దుమ్ము కళ్ళలో పడింది. గుయ్యి అలాగే ఉంది.

లాగ్ 2. మంగళవారం. గాలి అదే. అలలు కాస్త పెరిగాయి.

మోతలన్నీ ఒకటి కావని ఈ రోజు కనిపెట్టాను. చిటపట వేరు, బుస వేరు, గుయ్యి వేరు. చిటపట పెడల్ మీది మరలో చేరిన మురికి వల్ల వస్తుంది. స్పిరిటు వేసి తుడిస్తే పోయింది. బుస డిస్టార్షన్ స్వభావం. పాముతో కాపురం చేస్తూ బుస వద్దంటే కుదరదు. ఇక గుయ్యి. పెద్ద తుమ్మెద ఒకటి ఆంప్లిఫయరులో కాపురం పెట్టినట్టుంటుంది.

ఒక్కొక్క పెడలూ తీసి చూశాను. మూడోది తీశాను, గుయ్యి ఉంది. డిలే తీశాను, ఉంది. డిస్టార్షన్ కూడా తీసి గిటారును నేరుగా ఆంప్లిఫయరుకు తగిలించాను. ఉంది. పెడళ్ళు నిర్దోషులని నాకు అక్కడే అర్థం కావాలి. కానీ సోల్డరింగ్ ఐరన్ కొత్తగా చేతికొచ్చిన రోజులు కావడంతో అర్థం కాలేదు. డిలే విప్పి లోపలి అతుకులన్నీ కరిగించి మళ్ళీ అతికాను. ఇంతకుముందు ఒకసారి వాయిస్తే నాలుగుసార్లు పలికేది. ఇప్పుడు ఒక్కసారి కూడా పలకదు.

సాయంత్రం సుభాషిణి హేచరీ నుంచి వచ్చి చేతులు రుద్దుకుంటూ కూర్చుంది.

"తొట్లో చెయ్యి పెడితే జివ్వుమంటందండి," అంది. "నూకరత్నం కూడా అదే అంటంది. ఉప్పునీళ్ళకి నరాలు దెబ్బతిన్నాయేమో."

"వయసు సుభా," అన్నాను.

ఆమె నా వైపు చూసిన చూపు ఈ లాగ్‌కు సంబంధించినది కాదు.

లాగ్ 3. గురువారం. గాలి తూర్పుకు తిరిగింది. తెప్ప బాగా ఊగుతోంది.

ఉదయం షిఫ్టు అయ్యాక కరెంటు సెక్షన్‌కు వెళ్ళాను. తెప్పలన్నిటి కరెంటునూ చూసే ఇంజనీరు కామేశ్వరమ్మ గారు. నా బాధ విని ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గోడ మీది బోర్డు చూపించింది. ప్రతి తెప్పకూ ఒక వరస దీపాలు. మూడో తెప్ప వరసంతా పచ్చగా వెలుగుతోంది.

"నా వైపు తేడా ఏమీ లేదు రత్నాకర్ గారూ," అంది. "అలాగని మీ మాట కొట్టిపారెయ్యను. పెడల్‌కి అడాప్టరు తీసేసి బ్యాటరీ పెట్టి చూడండి. గుయ్యి పోతే అడాప్టరుదే తప్పు. పోకపోతే మళ్ళీ రండి."

బ్యాటరీ పెట్టాను. పోలేదు. వెంటనే ఆవిడ దగ్గరికి వెళ్ళవలసింది. బదులుగా డిస్టార్షన్ పెడల్‌కు లోపలంతా రాగి రేకు చుట్టాను. బయటి మోత లోపలికి రాకుండా అని ఎక్కడో చదివాను. ఆ రేకు తగలకూడని చోట తగిలినట్టుంది. సన్నగా పొగ వచ్చింది. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పెడల్ ఒక్కటే, ఏం చేస్తుందో తెలియనిది.

దిగులుగా మంచం మీద కూర్చున్నాను. ఎదురుగా తీగ మీద ఆరేసిన బట్టలు తెప్పతో పాటు ఊగుతున్నాయి. కాసేపటికి ఒక సంగతి గమనించాను. బట్టలు నాలుగో తెప్ప వైపు ఊగినప్పుడు గుయ్యి తగ్గుతోంది. ఇవతలికి ఊగినప్పుడు పెరుగుతోంది. చాలాసేపు చూశాను. సుభాషిణి చీర చెప్పినట్టల్లా నా ఆంప్లిఫయరు వింటోంది.

పక్కింటికి వెళ్ళి వరహాలరావు గారికి చెప్పాను.

"అలతో పాటు మోగుతోందండి. తప్పు నా డబ్బాలది కాదు."

"మరెవరిదయ్యా?"

"అలదేమో."

"సముద్రం మీద ఫిర్యాదు తీసుకునే అధికారం కమిటీకి లేదు," అన్నారాయన, తలుపు వేసుకుంటూ.

లాగ్ 4. శనివారం. తూర్పు గాలి. అలలు పెద్దవి.

ఈ రోజు జరిగినది నా మోత గురించి మాత్రమే కాదు. అయినా రాసే చోటు ఇదొక్కటే ఉంది కనుక రాస్తున్నాను.

పొద్దున్న హేచరీలో రేపటి పాటకు రిహార్సల్ పెట్టుకున్నాం. పొడవాటి షెడ్డు, రెండు వైపులా తొట్లు, ప్రతి తొట్టెలో నీళ్ళు వెచ్చగా ఉంచే హీటరు, గాలి ఊదే ఏరేటరు. ప్లగ్గులన్నీ వాటికే సరిపోయాయి. నా ఆంప్లిఫయరుకు ఒకటి ఎలాగో దొరికింది. మైకును, దాని కరెంటును నాలుగో తెప్ప సభామందిరం నుంచి పొడుగు వైరు వేసి తెచ్చాం.

నూకరత్నం మనిషి బక్కపల్చన, గొంతు మాత్రం తెప్ప చివరిదాకా వినిపిస్తుంది. మైకు ముందు ఆమె ఎప్పుడూ పాడలేదు. నేను గిటారు బెల్టు సరిచేసుకుంటూ, "కాస్త పట్టుకో అమ్మా," అని గిటారు ఆమె చేతికిచ్చాను. ఆమె ఒక చేత్తో తీగల మీద పట్టుకుని, మైకు దగ్గరికి వంగి "అలో" అంది. పెదవి మైకుకు తగిలింది.

కేక వెయ్యలేదు. చెంప మీద ఎవరో కొట్టినట్టు తల వెనక్కి పోయింది, మనిషి కూలిపోయింది. ఆ క్షణంలో నేను చేసిన పని కింద పడబోతున్న గిటారును పట్టుకోవడం. నూకరత్నాన్ని సుభాషిణి పట్టుకుంది. ఇందులో సరదాగా రాయగలిగింది ఏమీ లేదు. గిటారు క్షేమం.

"నోరు కొట్టేసిందన్నయ్యా," అంది నూకరత్నం కాసేపటికి. పెదవి మొద్దుబారి మాట ముద్దగా వస్తోంది. "ఈ మైకు పాడు ముండ. నేను పాడను."

నేను కరెంటు సెక్షన్‌కు పరిగెత్తాను. కామేశ్వరమ్మ గారు మీటరు పట్టుకుని నాతోనే పరిగెత్తి వచ్చింది. మీటరు ఒక కొస గిటారు తీగకు, ఇంకో కొస మైకుకు ఆనించింది. అంకె చూసింది. మీటరు తట్టి మళ్ళీ చూసింది.

"ఇక్కడ సున్నా ఉండాలి," అంది. "నూట తొంభై వోల్టులు ఉంది. అందరూ తొట్లలోంచి చేతులు తీసి దూరంగా నిలబడండి. ఏదీ ముట్టుకోకండి."

తరవాత నెమ్మదిగా చెప్పింది. మా ఊళ్ళో నేల లేదు గాని ప్రతి తెప్పకూ భూమి తీగ అని ఒకటుంటుంది. యంత్రాలలోంచి కారిన కరెంటు ఆ తీగ పట్టుకుని సముద్రంలో ముంచిన రాగి పలకలోకి పోతుంది. మూడో తెప్ప భూమి తీగ ఎక్కడో తెగింది. తెగిన చోట కొసలు అలకు తగులుతూ, వీడుతూ ఉన్నట్టున్నాయి. ఏదో ఒక హీటరు కారుతోంది. ఆ కరెంటుకు పోయే దారి లేక తొట్లలోని నీళ్ళలో, నా ఆంప్లిఫయరులో, గిటారు తీగల్లో నిండిపోయింది. నేను వారమంతా సోల్డరింగ్ చేసింది దాన్ని.

"మరి బోర్డు మీద పచ్చగా ఉంది కదండీ?" అన్నాను.

"బోర్డు తెగిన చోటికి అవతలి నుంచి చూస్తోంది. దానికి భూమి కనిపిస్తోంది. మీకే కనిపించట్లేదు."

"మరి మేం బతికే ఉన్నాం కదమ్మా," అంది సుభాషిణి. "రోజూ ఆ నీళ్ళలోనే చేతులు పెడుతున్నాం."

"తీగ మీద వాలిన పిట్ట బతికున్నట్టే. మీ నేల ప్లాస్టిక్‌ది, చుట్టూ ఉన్నవన్నీ ఒకేలా కరెంటు ఎక్కి ఉన్నాయి. ఒక చెయ్యి తొట్లో ఉండి రెండో చెయ్యి సముద్రానికి తగిలితే మాత్రం..."

సుభాషిణి షెడ్డు మూలకు చూసింది. అక్కడ రేపటికోసం తోమిపెట్టిన స్టీలు పైపు ఉంది. పొద్దున్నే దాని ఒక కొస సముద్రంలోకి దించుతారు. ఒక చేత్తో పైపు పట్టుకుని, రెండో చేత్తో తొట్లోని రొయ్య పిల్లలను అందులోకి తోలుతారు. హేచరీలో ఉన్న ఆడవాళ్ళందరూ ఆ వరసలో నిలబడతారు. మొదట నిలబడేది సుభాషిణి.

"మెయిన్ స్విచ్చి తీసెయ్యాలి," అంది కామేశ్వరమ్మ గారు. "తీగ ఎక్కడ తెగిందో వెతకడానికి ఎంతసేపు పడుతుందో చెప్పలేను."

అప్పటికి వరహాలరావు గారు వచ్చారు. ఆయన్ను తప్పుపట్టను. వెచ్చదనం, గాలి ఆగిపోతే పిల్లలు బతకవు. అవి పోతే తెప్పలన్నిటికీ వచ్చే ఏడాది తిండి లేదు.

"బోర్డు బాగుందంటున్నారు. ఒక్క మీటరు చూసి, ఇతని గిటారు మాట విని, ఇంత పంట చంపుకుంటామా?" అన్నారాయన. "హీటర్లు ఒక్కొక్కటే ఆపి చూడొచ్చు కదా."

"ఆ స్విచ్చిలు తొట్ల మీదే ఉన్నాయండి. ఎవరిని ముట్టుకోమంటారు?" అంది కామేశ్వరమ్మ గారు.

సుభాషిణి నన్ను చూసి అడిగింది. "మీకు కచ్చితంగా తెలుసాండి?"

నాకు కచ్చితంగా తెలిసినవి జీవితంలో తక్కువ. గిటారులో అసలే లేవు.

"నేను వాయిస్తే వచ్చే మోతలన్నీ నాకు తెలుసు సుభా," అన్నాను. "ఇది నాది కాదు."

ఆమె గోడకు ఆనించి ఉన్న పొడి చెక్క తెడ్డు తీసుకుంది. మెయిన్ దగ్గరికి నడిచి, తెడ్డు కొసతో పిడిని కిందికి కొట్టింది.

లాగ్ 5. అదే శనివారం, సాయంత్రం.

ఏరేటర్లు ఆగిపోతే అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు. నీళ్ళ మీది బుడగలు ఒక్కొక్కటే పగిలిపోయాయి.

"చెంబులు తీయండి," అంది సుభాషిణి. "కిందనించి తోడి పైనించి పోయండి. గాలి కలవాలి."

మెయిన్ తీశాక నీళ్ళలో కరెంటు లేదని కామేశ్వరమ్మ గారు మీటరు పెట్టి చూసి, అందరికీ ఆ అంకె చూపించింది. అయినా మొదటి చెయ్యి పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. సుభాషిణే పెట్టింది. ఆ తరవాత అందరూ తలా ఒక తొట్టె దగ్గర నిలబడ్డారు. పెదవి వాచిన నూకరత్నం కూడా.

వెచ్చదనం సంగతి నాకు తట్టింది. ఈ వారంలో నాకు తట్టిన వాటిలో పొగ రానిది ఇదొక్కటే. మా ప్లాంటులో వేడినీళ్ళకు కొదవ లేదు. క్యాన్లలో నింపి, బిగుతుగా మూత పెట్టి, తొట్లలో తేలేస్తే నీళ్ళు చల్లబడకుండా ఉంటాయి. ప్లాంటు నుంచి హేచరీదాకా మనుషులు వరసగా నిలబడి క్యాన్లు అందించారు. వరసలో నా పక్కన వరహాలరావు గారు. ఆయనకు నడుము నొప్పి. వద్దంటే వినలేదు.

"మాట్లాడకుండా అందుకో," అన్నారు. "వేడిగా ఉంది."

మధ్యాహ్నం కామేశ్వరమ్మ గారు నన్ను పిలిచింది. మూడో తెప్పకూ నాలుగో తెప్పకూ మధ్య సందులోకి చిన్న పడవ దించి, ఆవిడ తెప్ప అడుగుకు వెల్లకిలా దూరింది. అల వచ్చినప్పుడల్లా రెండు తెప్పలూ దగ్గరకొస్తాయి. మధ్యలో పడవ నలగకుండా నేను తెడ్డు అడ్డం పెట్టి తొయ్యాలి. అంత శ్రద్ధగా తాళం పట్టడం నాకు గిటారు దగ్గర ఎప్పుడూ చేతకాలేదు.

"దొరికింది," అంది ఆవిడ లోపలి నుంచి.

నేనూ తల దూర్చి చూశాను. మా తెప్ప భూమి తీగను నాలుగో తెప్ప కింద మునిగి ఉన్న రాగి పలకకు కలిపే పట్టీ అది, రాగి పోగులను జడలా అల్లింది. ఆకుపచ్చగా చిలుము పట్టి నడిమికి తెగింది. తెప్పలు దగ్గరైనప్పుడు తెగిన కొసలు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. దూరమైతే విడిపోతున్నాయి. ఇంకో పెద్ద గాలి వస్తే ఆ కాస్త తాకడం కూడా ఉండదు.

ఆవిడ కొత్త పట్టీ బిగించింది. తరవాత ఐదో తొట్టె హీటరు పైకి తీస్తే దాని ఒంటి మీద వెంట్రుకవాసి పగులు కనిపించింది. అలాంటప్పుడు తనంత తానే పడిపోవలసిన రక్షణ స్విచ్చి ఉప్పుగాలికి తుప్పెక్కి బిగుసుకుపోయి ఉంది. రెండూ మార్చింది. పొద్దు వాలుతుండగా మెయిన్ వేశారు. గిటారుకూ మైకుకూ మధ్య సున్నా.

ఏరేటర్లు మళ్ళీ బుసకొట్టాయి. చాలా తొట్లలో పిల్లలు చెదిరి, మళ్ళీ ఈదడం మొదలుపెట్టాయి. చివరి రెండు తొట్లకు క్యాన్లు ఆలస్యంగా అందాయి. వాటి అడుగున పిల్లలు తెల్లగా, పిండి చల్లినట్టు పడి ఉన్నాయి.

సుభాషిణి ఆ రెండు తొట్ల దగ్గర నిలబడిపోయింది. గుడ్డు దశ నుంచి పెంచినవి. చేతిలో చెంబు ఉంది. నీళ్ళు తోడి పోస్తూ ఉండిపోయాను, ఆ చచ్చిన తొట్లోనే. కాసేపు చూసి ఆమె నా చేతిలోంచి చెంబు తీసుకుంది.

"చాలండి," అంది. నా భుజానికి తల ఆనించింది. ఆమె చేతులు నానిపోయి ముడతలు పడి ఉన్నాయి.

"జివ్వుమంటున్నాయా?" అని అడిగాను.

"లేదు. నొప్పిగా ఉన్నాయంతే," అంది.

లాగ్ 6. బుధవారం. గాలి లేదు. సముద్రం చాపలా పరుచుకుంది.

ఆదివారం కావలసిన పండగ ఈ రోజు జరిగింది. పైపు దించే ముందు కామేశ్వరమ్మ గారు మీటరు పెట్టి చూసింది. సుభాషిణి ఒక చెయ్యి పైపు మీద వేసి, రెండోది తొట్లో పెట్టింది. వరసలో అందరూ ఆమె మొహమే చూస్తున్నారు. ఆమె కళ్ళు మూసుకుని తెరిచి, పిల్లలను పైపులోకి తోలడం మొదలుపెట్టింది. అవి సన్నటి పొగలా సముద్రపు వలల్లోకి దిగాయి.

తరవాత పాట. నూకరత్నం మైకు వైపు కూడా రానంది. షెడ్డు గుమ్మంలో నిలబడి, ఉత్త గొంతుతో, వలలు లాగేటప్పుడు పాడే పాట ఒకటి పాడింది. ఆ గొంతుకు మైకు అక్కర్లేదని నాకు ముందే తెలుసు. నా గిటారుకు మాత్రం కరెంటు కావాలి, కరెంటున్నదేదీ ఆమె దగ్గరికి రానివ్వడం లేదు. మెళ్ళో వేసుకుని ఊరికే నిలబడ్డాను. పెళ్ళిలో ఎటు వైపు చుట్టమో ఎవరికీ తెలియని మనిషిలా ఉన్నాను.

వరహాలరావు గారు దగ్గరికొచ్చి, "ఇంత చేసి ఉత్తినే నిలబడతావా?" అన్నారు. ఆ తరవాత, ఆయన స్వభావానికి విరుద్ధంగా, నూకరత్నం వైపు తిరిగి, "ఒక్క పాట కలిపి పాడమ్మా. మాకు పాత మోత ఎలాగూ అలవాటే," అన్నారు.

"ఆ మైకును నేను ముట్టను బాబూ," అంది నూకరత్నం.

కామేశ్వరమ్మ గారు ఆమె పక్కకు వచ్చి, చెయ్యి ఎలా పెట్టాలో చూపించింది. "అనుమానమున్న దేన్నయినా ముందు చేతి వెనక భాగంతో తాకాలమ్మా. అరచేత్తో పట్టుకుంటే వదల్లేం. వెనక చేత్తో అయితే, కొట్టినా చెయ్యి దానంతటదే వెనక్కొస్తుంది. నేను చూశాను, ఏమీ లేదు. అయినా నా మాట నమ్మొద్దు. మీరే చూసుకోండి."

నూకరత్నం మైకు కేసి, నా గిటారు కేసి చూసింది. ఆమె పెదవి మీది పుండు ఇంకా మానలేదు. నా ఆంప్లిఫయరు వేసి ఉంది, గుయ్యి లేదు. ఆ నిశ్శబ్దంలో నా తప్పులు ఎంత స్పష్టంగా వినిపిస్తాయో తలచుకుంటే నాకు చెమటలు పట్టాయి.

ఆమె నడిచి వచ్చి నా గిటారు తీగల మీద ఎడమ చెయ్యి వేసింది. కుడి చేతి వెనక వైపు మైకుకు ఆనించింది. ఆగింది. ఏమీ కాలేదు. అప్పుడు చెయ్యి తిప్పి, అరచేత్తో మైకును గట్టిగా పట్టుకుంది.

"వాయించన్నయ్యా," అంది, తీగల మీంచి చెయ్యి తీస్తూ.

మొదటి మీటే తప్పాను. నేను సరిచేసుకునేదాకా ఆమె మైకు వదలకుండా, నా వేళ్ళకేసి చూస్తూ ఆగింది. ఆ తరవాత పాడింది.